మంచి గాలికి బదిలీ

"ఇకమీదట ఏ పౌరుడూ తాను పీలుస్తున్నది ఎలాంటి గాలో తెలియకుండా పీల్చడానికి వీల్లేదు!" అని గాలి శాఖ మంత్రిగారు మా కూడలిలో ప్రకటించి, మొదటి బ్యాడ్జిని స్వహస్తాలతో నా ఛాతీకి తగిలించారు. నేను ట్రాఫిక్ కానిస్టేబుల్ని. గాలి బాగుంటే బ్యాడ్జిలో ఆకుపచ్చ దీపం, పాడైతే ఎర్రది. అదే రంగు కూడలిలోని పెద్ద తెరమీద, నా ఫొటో పక్కన.

"ఎర్రదీపం వెలిగిన సిబ్బందిని వెంటనే మంచి గాలికి బదిలీ చేస్తాం" అన్నారు మంత్రిగారు. నాకు కళ్ళు చెమర్చాయి. కొంత పొగ వల్ల కూడా కావచ్చు. నా దగ్గు వీధి మలుపులో వినబడగానే మా ఆవిడ కంచం పెట్టేస్తుంది, అంత పేరున్న దగ్గు నాది.

మంత్రిగారి కాన్వాయ్ కదిలింది. దీపం ఎర్రబడింది.

మా ఆఫీసరుగారు పరిగెత్తుకొచ్చారు. "ఏం చేశావయ్యా?"

"ఊపిరి పీల్చాను సార్."

"అంతంత పీల్చమని ఎవరు చెప్పారు? పరువు తీస్తున్నావ్!"

తగ్గించి చూశాను. కళ్ళు తిరిగాయి గాని రంగు తిరగలేదు. మర్నాడు ట్యాంకరు తెప్పించి రోడ్డు కడిగించారు. మధ్యలో ఉన్నాను కాబట్టి నన్నూ కడిగారు. నేను శుభ్రపడ్డాను, దీపం ఎర్రగానే ఉంది.

చివరికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "బదిలీ మంజూరైంది. కొండమీద గెస్ట్‌హౌస్. రేపే ప్రయాణం."

మా ఆవిడ పెట్టెలోంచి నా స్వెటర్ తీసింది. "ఏమండీ, దగ్గుమందు కూడా సర్దనా?"

"పిచ్చిదానా, కొండగాలిలో దగ్గెక్కడిదే!" అన్నాను. సంతోషం పట్టలేక ఇంకాస్త దగ్గాను.

మర్నాడు సంచీతో కూడలిలో నిలబడ్డాను. ఆఫీసరుగారి కారు ఆగింది. ఆయన దిగి, నా ఛాతీ మీది బ్యాడ్జిని జాగ్రత్తగా ఊడదీసి, వెనక సీట్లో పెట్టి, బెల్టు కూడా బిగించారు.

"మరి నేను సార్?"

"నువ్వు కూడా పోతే ఇక్కడ ట్రాఫిక్ ఎవరు చూస్తారయ్యా?"

సాయంత్రానికల్లా తెరమీద నా ఫొటో పక్కన ఆకుపచ్చ రంగు వెలిగింది. మంత్రిగారు అభినందన సభ పెట్టారు, అదే కూడలిలో. ఆయన కోసం బండ్లు ఆపుతున్నది నేనే.

"మాటిచ్చాం, నిలబెట్టుకున్నాం! మన కానిస్టేబుల్ కొండమీద హాయిగా ఊపిరి పీలుస్తున్నాడు!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టబోయాను గాని దగ్గు ముంచుకొచ్చింది.

మంత్రిగారు ఉపన్యాసం ఆపి జాలిగా నావైపు చూశారు.

"ఎవరయ్యా అతను? పాపం, అతనికి కూడా ఒక బ్యాడ్జి తగిలించండి!"