పోయిన ఉయ్యాల, బరువెక్కిన తల

"నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా నేరం జరిగిన చోటుకి తిరిగొచ్చి తీరతాడు బావా! వచ్చిన మరుక్షణం వాడి మీద ఈ డేగకన్ను పడుతుంది!"

మా గుమ్మంలో నిలబడి ఈ శపథం చేసినవాడు నా బావమరిది. డేగకన్ను అన్నది వాడికి వాడే ఇచ్చుకున్న బిరుదు. ఉద్యోగం లిఫ్టులు బాగుచెయ్యడం. సెలవు దొరికితే డిటెక్టివు. ఆ రోజు మోకాళ్ళు దాటిన కోటు, కనుబొమల మీదకి దించిన టోపీతో ఊడిపడ్డాడు. నేను ఫోన్లో చెప్పింది ఒకటే ముక్క: "మీ అక్క ఉయ్యాల పోయిందిరా."

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "గుండె దిటవు చేసుకో. ఉయ్యాల ఉందంటే అందులో పాప ఉంటుంది. ఉయ్యాల పోయిందంటే పాప కూడా పోయినట్టే. ఇది కిడ్నాప్! కానీ బావా, నాకు చెప్పకుండా మీకు పాప ఎప్పుడు పుట్టింది?"

"పాపా లేదు, నీ పాపమూ లేదు! రెండు చెట్లకి కట్టుకుని పడుకునే నైలాను ఉయ్యాలరా!"

మా ఆవిడ పళ్ళ డాక్టరు. కొండలూ అడవులూ దాటుకుంటూ నెల రోజుల కాలినడకకి ఆ సాయంత్రమే బయల్దేరాలి. దారంతా బురద, జలగలు. నేల మీద పడుకునే వీల్లేదు కాబట్టి, ఉయ్యాల లేనివాళ్ళని బస్సెక్కనివ్వనని జట్టు నాయకుడు ముందే తేల్చేశాడు. పోయినేడు జ్వరం వచ్చి ఆగిపోయింది. ఈసారీ ఆగితే ఆవిడ నూరేది రోగుల పళ్ళు కాదు, తన పళ్ళే. అదీ నా మీద.

"వాణ్ణెందుకు పిలిచారండీ? ఉన్న గందరగోళం చాలకా?" హాల్లో పరిచిన సామాన్ల మధ్య నుంచి అరిచింది మా ఆవిడ.

అప్పటికే డేగకన్ను భూతద్దం తీసి మోకాళ్ళ మీద పాకుతున్నాడు. "దొరికింది సాక్ష్యం! బొటనవేలంత టూత్‌బ్రష్! పాపది కాకపోతే ఎవరిది?"

"నాదేరా. బరువు తగ్గాలని పిడి కోసేశాను."

"చిట్టి గిన్నె! పొట్టి చెంచా! జేబురుమాలంత తువ్వాలు!"

"అన్నీ నావే! నెల్లాళ్ళు వీపున మొయ్యాలి. గ్రాము తగ్గినా నా నడుముకి పుణ్యం."

వాడు నా చెవి దగ్గరికొచ్చాడు. "షాకు బావా. బిడ్డ పోయిన దుఃఖంలో, అసలు బిడ్డే లేదంటోంది."

అంతలో ఫోన్ మోగింది. మా ఆవిడ కంటే ముందే వాడు లాక్కుని స్పీకర్ నొక్కాడు.

"మేడం, పన్నెండు కిలోలు దాటకూడదు. ఉయ్యాల మరిచిపోకండి. బస్సు మీ వీధి మలుపులోనే ఉంది."

"పన్నెండు కిలోలా? పాప బరువు కూడా తూచావా దుర్మార్గుడా! ముందు పాప గొంతు వినిపించు!"

అవతల జట్టు నాయకుడు నంబరు సరిచూసుకున్నట్టున్నాడు. "రాంగ్ నంబరాండీ?"

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "నేనేనండీ... ఉయ్యాల... వెతుకుతున్నాను."

"కాసేపు చూస్తానండీ. తర్వాత నా చేతిలో లేదు."

ఆవిడ సంచీ పట్టీ పట్టుకుని నేల మీదే కూలబడింది. "పోయినాదివారం ఈ బల్ల మీదే పెట్టానండీ. గుడ్డసంచీలో కుక్కి, మూతి బిగించి. రెండు పిడికిళ్ళంత కూడా ఉండదు." ఆ జేబురుమాలంత తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకుంది. అప్పటికే నేను ఇంట్లో పరుపులు ఎత్తాను, బీరువా గుల్ల చేశాను. ఇంకెక్కడ వెతకను?

"ఏడవకక్కా, నేనున్నాను," అన్నాడు డేగకన్ను. "వారం రోజులుగా తల బరువెక్కిపోయింది. అన్నీ ఆలోచనలే! దొంగ పోతూ పోతూ బల్ల కింద గుర్తేదో వదిలే ఉంటాడు."

బల్ల కిందకి దూరాడు. "ఆఁ, దొరికింది!" అంటూ ఒక్కసారి లేచాడు. ధబ్!

"దెబ్బే తగల్లేదు బావా! చూశావా పుర్రె?" దొరికింది మాత్రం నా పాత సాక్సు.

టోపీ ఎగిరి బోర్లా పడింది. అందులోంచి చిన్న గుడ్డసంచీ జారింది. దాని మూతి ఊడి, ఆకుపచ్చ నైలాను జరజరా హాలంతా పరుచుకుంది.

"ఒరేయ్! ఇది నీ టోపీలోకి ఎలా వచ్చింది?"

"టోపీ వదులక్కా. పోయినాదివారం భోజనానికొచ్చినప్పుడు బల్ల మీద ఏదో పాతగుడ్డల మూట కనిపిస్తే లోపల కుక్కాను. తర్వాత మరిచిపోయాను." వాడు ఇంతలోనే ఛాతీ విరిచాడు. "చెప్పానా లేదా? నేరస్థుడు నేరం జరిగిన చోటుకి తిరిగొచ్చి తీరతాడని!"

"పోనీలేరా. తలలో లేకపోయినా టోపీలో సరుకుంది!" ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో మా ఆవిడ ఉయ్యాలని సంచీలో దూర్చి, వీపున వేసుకుని మెట్లు దిగింది. సగం మెట్ల నుంచి కేక వినిపించింది. "ఏవండీ, మొక్కలకి నీళ్ళు పొయ్యండి! వాడికి మాత్రం కేసులివ్వకండి!"

మలుపులో హారన్ మోగింది. బస్సు కదిలింది.

డేగకన్ను గంభీరంగా టోపీ దులిపి నెత్తిన పెట్టుకున్నాడు. అది నుదురు దాటి, చెవులు దాటి, నేరుగా ముక్కు మీదకి దిగింది.

"కదలకు బావా!" అన్నాడు రహస్యంగా. "ఎవడో కరెంటు తీసేశాడు!"