ఆమోదిత నలుపు

నలుపంటే ఏమిటో నిర్ణయించే హక్కు కంటికి లేదు. కన్ను చూస్తుంది, అంతే. నిర్ణయించేది కార్యాలయం. ఈ సత్యం తెలియనివాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారనీ, ఆ ఇద్దరూ నేనూ మా అక్కా అనీ ఈమధ్య ఒక సోమవారం దాకా మాకు తెలియదు.

మా అక్క కారు నడపడం నేర్పుతుంది. ఆమె బడికి ఉన్న ఆస్తల్లా ఒక్క కారు. తెల్లది, పదకొండేళ్లది, పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉన్నది. నేర్చుకునేవాళ్లు దాన్ని ఎన్ని గోడల మీదికి తోలినా అక్క ఏనాడూ గొంతు పెంచలేదు. "ఫరవాలేదు, గోడ ఎక్కడికీ పోదు, మళ్లీ వద్దాం" అంటుంది. ఆ కారుకు ఏటా యోగ్యతా పత్రం కావాలి. పాత పత్రం గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటికి తీరిపోతుంది. ఐదు దాటితే కారుతోపాటు బడి అనుమతీ రద్దు. మళ్లీ తెచ్చుకోవాలంటే మూడేళ్లు. (మొదటిసారి రెండేళ్లే పట్టింది. అనుభవం ఉన్నవాళ్లకు ఒక ఏడు ఎక్కువ.)

సోమవారం వాహన యోగ్యతా కార్యాలయంలో మొదటి కౌంటరు అధికారి కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. బ్రేకులు బాగున్నాయన్నారు. లైట్లు బాగున్నాయన్నారు. ముందు బంపరు దగ్గర ఆగి, రికార్డు తెరిచి, బంపరును చూసి, మళ్లీ రికార్డును చూశారు.

"రికార్డులో బంపరు నలుపు అనుందమ్మా."

"నలుపే సార్. ఎండకి వెలిసిపోయింది."

"ఇది బూడిద రంగు. అంటే ఇది ఆ కారు కాదు."

"అదే కారు సార్. కావాలంటే నంబరు చూడండి."

"నంబరు అదే. కారే వేరు."

నిజం చెప్పొద్దూ, ఆ బంపరూ, తలుపుల మీది పట్టీలూ, పక్క అద్దాల కింది ప్లాస్టిక్కూ నల్లగా ఉండి చాలా కాలమైంది. కాబట్టి ఆయన దయతలచి రెండు దారులు చూపించారు. మొదటిది, రంగు మార్పు అనుమతి పత్రం. అందులో ఆరో గడి: రంగు మార్చిన వ్యక్తి పేరు. అక్క అబద్ధం రాయడం చేతకానిది. "సూర్యుడు" అని రాసింది. ఏడో గడి సంతకానిది. అది ఖాళీగా ఉండటంతో గుమాస్తా కాగితం వెనక్కిచ్చాడు.

"ఆయన్ని ఒకసారి తీసుకురండి మేడం."

"రోజూ వస్తాడండీ. ఆ కిటికీ తెరవండి చాలు."

"ఆఫీసు టైములో రావాలి."

"ఆఫీసు టైములోనే వస్తాడు."

గుమాస్తా కాసేపు ఆలోచించి, సంతకం రానివాళ్లకు వేలిముద్ర వెసులుబాటు కూడా ఉందన్నాడు. అక్క రెండో దారి ఎంచుకుంది. అంటే బంపరును మళ్లీ నల్లగా చేయడం.

ఇక్కడ నా పాత్ర కొంత ఉంది, దాచను. వంటనూనె రాస్తే ప్లాస్టిక్కు నిగనిగలాడుతుందని ఎవరో చెప్పగా విని, అక్క ఇంట్లో లేని సమయం చూసి అరసీసా నూనె పట్టించాను. గంటసేపు నిజంగానే నిగనిగలాడింది. సాయంత్రానికి వీధిలో ఉన్న దుమ్మంతా వచ్చి దాని మీద కాపురం పెట్టింది. అక్క వేలితో తాకి చూసింది.

"వేయించడం అయిందా, ఇంకా ఉందా?" అంది.

అలా మంగళవారం పోయింది. బుధవారం కారు సామాన్ల కొట్టాయన వెలిసిన ప్లాస్టిక్కుకు నలుపు తెప్పించే మందు చిన్న సీసా ఒకటిచ్చి, కౌంటరు మీద వేలితో గీసి మరీ చెప్పాడు. "ముందు ఆ జిడ్డు వదలగొట్టండమ్మా, సబ్బునీళ్లతో రెండుసార్లు. బాగా ఆరాక పక్కనున్న తెల్ల పెయింటుకి టేపు వేసుకోండి. నీడలో చెయ్యండి. స్పాంజితో పల్చగా రాసి, ఎక్కువైంది గుడ్డతో తుడిచెయ్యండి. ఒక రోజంతా తడి తగలనివ్వకండి." (ఆ వారం మేం విన్న నిబంధనల్లో కారణం ఉన్నవి ఇవే.)

అక్క పాత టూత్‌బ్రష్షుతో గరుకు చోట్లన్నీ తోమింది. టేపు అంటించింది. స్పాంజి పట్టీ వెంట వెళ్లినంత మేరా నలుపు తిరిగొచ్చింది. ఆ కారు ఇంటికొచ్చిన మొదటి రోజు అక్క మొహం ఎలా వెలిగిందో మళ్లీ అలా వెలిగింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

శుక్రవారం మూడింటికి మళ్లీ వెళ్లాం. మొదటి పరీక్ష కంటితోనట, మలి పరీక్ష నమూనాతోనట. దానికి వేరే అధికారి ఉన్నారు, నలుపు పరిశీలకులు. ఆయన పడమటి కిటికీ పక్కన మేకుకు వేలాడుతున్న అరచేతంత ప్లాస్టిక్కు ముక్కను భక్తిగా తీశారు. మీద చీటీ ఉంది: ఆమోదిత నలుపు. పద్నాలుగేళ్లుగా అది అక్కడే ఉందట. మా బంపరు సోమవారం ఏ రంగులో ఉందో అచ్చం అదే రంగులో ఉంది.

"సరిపోలేదమ్మా. మీది నలుపు ఎక్కువైంది."

"సార్, మీ నమూనా వెలిసిపోయింది."

"నమూనా వెలిసిపోదమ్మా. బయటివే దానికంటే నల్లబడుతుంటాయి."

"అయితే సోమవారం దీన్ని పెట్టి చూసుంటే నా కారు పాసయ్యేదేగా?"

"దివ్యంగా. కానీ మొదటి పరీక్షకి నమూనా తీయకూడదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. గోడ గడియారంలో నాలుగూ ఇరవై. అక్క బెంచీ మీద కూర్చుండిపోయింది. వచ్చే సోమవారం పదకొండు మందికి లైసెన్సు పరీక్ష, ఆ కారులోనే. "వాళ్లకేం చెప్పాలిరా?" అంది. అక్క కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి. నా దగ్గర సలహా కూడా లేదు. (ఉన్నా వినేది కాదు.)

పరిశీలకులు నమూనాను మళ్లీ మేకుకు తగిలించబోతుండగా అది చేతిలో కాస్త పక్కకు తిరిగింది. అక్క లేచి నిలబడింది.

"సార్, దాన్ని తిప్పండి."

ఆయన తడబడ్డారు. అక్క శిష్యులతో మాట్లాడే గొంతులోకి వచ్చేసింది. "నిదానంగా. కంగారేం లేదు. ఇంకొంచెం. ఆ, అక్కడ ఆపండి."

పద్నాలుగేళ్లుగా గోడను అంటుకుని, ఎండ మొహం చూడని ఆ రెండో వైపు కాకిలా నల్లగా ఉంది. పరిశీలకులు నిబంధనల పుస్తకం తీశారు. "గోడకు తగిలించిన నమూనా" అనే ఉంది తప్ప ఏ వైపో లేదు. ఆ వాక్యాన్ని ఆయన ఇరవై నిమిషాలు చదివారు. తర్వాత ముక్కను తిరగేసి బంపరుకు ఆనించారు. ఏది బంపరో ఏది ప్రభుత్వమో తెలియలేదు. నాలుగూ యాభై రెండుకు సంతకం పెట్టారు.

ఆయన నిజాయితీపరులు కాకపోయుంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన కొత్త ఫైలు తెరిచి రాసుకున్నారు: "నమూనా ముందువైపు రంగు మారినది. మార్చిన వ్యక్తి పేరు: సూర్యుడు."

"సంతకం?" అన్నాన్నేను.

"ఆఫీసు ఫైలుకి అక్కర్లేదండీ. ఆయన మాకు తెలిసినాయనే."

తర్వాత లేచి నమూనాను యథాస్థానంలో తగిలించారు, బూడిద వైపు బయటికి పెట్టి.

"నల్లవైపు బయటికి ఉంచరా సార్?" అంది అక్క.

"ఉంచితే వెలిసిపోదూ? అసలు నలుపు మా దగ్గర మిగిలింది అదొక్కటేనమ్మా, భద్రం చెయ్యాలి. అన్నట్టు, మీ ఫిర్యాదు న్యాయంగానే ఉంది. పై ఏడు నుంచి మొదటి పరీక్షకే నమూనా పెట్టమని రాస్తున్నాను."

"ఏ వైపు?"

"కనిపించే వైపే."

సోమవారం పదకొండు మందిలో తొమ్మిది మంది నెగ్గారు. మిగిలిన ఇద్దరూ గోడ దగ్గరికి మళ్లీ వస్తారు. అక్క మాత్రం వీలైనప్పుడల్లా నీడలో పెట్టే కారును ఇప్పుడు వీధి మధ్య ఎండలో పెడుతోంది. నీడ జరిగి మీద పడబోతే బయటికొచ్చి రెండడుగులు ముందుకు తీస్తోంది. ఎదురింటి దర్జీ చూసి చూసి నిన్న అడిగేశాడు.

"అక్కయ్యగారూ, నీడ ఖాళీగానే ఉందిగా, పాపం ఎండలో పెట్టారేంటి?"

"పై ఏడు పరీక్షుందయ్యా దానికి," అంది అక్క. "ఇప్పట్నుంచీ మొదలుపెడితేగానీ అందుకోలేదు."