రాగి రేకూ, ఊఁ బావా

ఆ పొద్దున ఇంజినీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. లాబుకు వెళ్ళి, కొత్తగా వచ్చిన రాగి రేకును మెషిన్‌కు తగిలించి తెగేదాకా లాగించి, ఎంత బలానికి తెగిందో మేనేజరుకు చెప్పి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేయడం. మర్నాడు పొరుగూళ్ళో మరదలి పెళ్ళి. సెలవు లేదంటూ నిశ్చితార్థం ఎగ్గొట్టిన మనిషి పెళ్ళి కూడా ఎగ్గొడితే, ఇక జన్మలో తన పుట్టింటి గడప తొక్కనక్కర్లేదని భార్య తేల్చి చెప్పేసింది.

ఆయన చెవికెక్కింది ఆ ఒక్క మాటే. బూట్లు తొడుక్కుంటుంటే ఆవిడ ఇంకా ఏవేవో చెప్పింది. అన్నిటికీ "ఊఁ" అన్నాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన కాపురం ఆ ఒక్క అక్షరం మీదే నడుస్తోంది. అందుకే మరదలు ఆయనకు 'ఊఁ బావ' అని పేరు పెట్టింది.

వెంట్రుక కన్నా పల్చని రేకది. బ్యాటరీ లోపల కరెంటును పోగుచేసి బయటికి పంపే పని దానిదే. ఛార్జి ఎక్కినప్పుడల్లా దాని మీది పూత ఉబ్బుతుంది. రేకు కూడా కాస్త సాగాలి. సాగక చిరిగిందా, ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. ఇంజినీరు తన సొంత కత్తితో రేకును సన్నటి పట్టీలుగా కోశాడు. ఆ కత్తిని లాబులో ఎవర్నీ ముట్టుకోనివ్వడు, రోజూ బ్యాగులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోతాడు.

మొదటి పట్టీ సాగనే లేదు, టప్పున తెగింది. రెండోదీ అంతే. మెషిన్ దవడలు తుడిచాడు, బిగించాడు, వదులు చేశాడు. మూడోది ఇంకా ముందే తెగింది.

"ఇదేం రేకురా నాయనా, తడి కాగితం నయం" అని పైకే విసుక్కున్నాడు.

ఖర్మకాలి ఆ మాట మేనేజరు విన్నాడు. ఆయనకు ఎవరి మీదైనా కేకలేసే అవకాశం దొరికితే అన్నం కూడా అక్కర్లేదు. అప్పటికప్పుడు రేకుల కంపెనీకి ఫోన్ చేసి సరుకంతా తిప్పి పంపుతామన్నాడు. వాళ్ళు తమ మనిషిని పంపుతామన్నారు. అది తేలేదాకా ఇంజినీరు అడుగు కదపకూడదన్నాడు మేనేజరు. సెలవు మాటెత్తితే అసలు విననట్టే ఊరుకున్నాడు.

వచ్చిన మనిషి ఒక కుర్రాడు. కొత్తగా క్షవరం, ఇస్త్రీ చొక్కా, ముఖం మాత్రం కందగడ్డ. ఆ రేకు చేయించింది తానేనట, అది చిరగదు గాక చిరగదట. చిరిగిన ముక్కలు కళ్ళముందే ఉన్నాయి కదయ్యా అన్నాడు ఇంజినీరు. లాగడం చేతకాకపోతే ఏదైనా చిరుగుతుందన్నాడు కుర్రాడు. ఇలా మధ్యాహ్నం దాటిపోయింది. ఇంతలో ఇంజినీరు భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, కొంప మునిగింది. పెళ్ళికొడుకుని వాళ్ళ కంపెనీ వాళ్ళు ఏదో లాబుకి తరిమారట. ఎవడో బుద్ధిలేనివాడు రాగి రేకు చిరిగిందని గొడవ పెట్టాడట. ఆ లాబు మన ఊళ్ళోనేనట, మీకు తెలిసినవాడేమో కనుక్కోండి."

ఇంజినీరు ఎదురుగా ఉన్న కుర్రాణ్ణి చూశాడు. గొంతు తగ్గించాడు. "మీ చెల్లెల్ని చేసుకునేవాడిది రేకుల కంపెనీలోనా పని?"

"ఆర్నెల్ల నుంచి చెప్తున్నాను. ఫొటో కూడా చూపించాను. ఊఁ అన్నారు. పోనీ, బ్లేడైనా మార్చుకున్నారా? అట్టపెట్టెలు కోసి మీ కత్తి మొద్దు చేశాను, కొత్త బ్లేడ్లు మీ బ్యాగులో అన్నం డబ్బా పక్కన పెట్టానని పొద్దున చెప్పాను కదా."

అంచున చిన్న గాటున్నా చాలు, ఎంత మంచి రేకైనా అక్కణ్ణుంచే చిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈ పాఠం చెప్పేది ఆయనే. తెగిన పట్టీని భూతద్దం కింద పెట్టి చూస్తే అంచంతా ఎలుక కొరికినట్టుంది. బ్యాగు తెరిచి, బ్లేడు మార్చి కొత్త పట్టీ కోశాడు. అది సాగి, సాగి, మెషిన్‌కే విసుగొచ్చాక తెగింది.

"తమ్ముడూ, రేపు నీ పెళ్ళికి నేనూ రావాలి" అన్నాడు ఇంజినీరు, నేల చూస్తూ.

కుర్రాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఊఁ బావ అంటే మీరేనా?"

మేనేజరు తిట్టాల్సినవన్నీ తిట్టి, ఇద్దర్నీ తన కళ్ళముందు నుంచి పొమ్మన్నాడు. దాన్నే సెలవనుకుని ఇద్దరూ బయటపడ్డారు.

దారిలో భార్యను ఎక్కించుకుని పెళ్ళికొడుకు కార్లోనే బయల్దేరారు. ఇంజినీరు సిగ్గుతో, బుద్ధిగా కారు నడుపుతున్నాడు. వెనక సీట్లోంచి ఆవిడ చెల్లెలికి ఏం గిట్టదో, ఎప్పుడు కోపమొస్తుందో పూసగుచ్చినట్టు చెబుతోంది. పెళ్ళికొడుకు తెగిన పట్టీని కిటికీ వెలుతురుకు పట్టుకుని, దాని అంచు వంక తదేకంగా చూస్తున్నాడు.

"వింటున్నావా బాబూ?" అంది ఆవిడ.

"ఊఁ" అన్నాడు.

ఆ ఇంట్లో పెద్దల్లుడికి ఇన్నాళ్ళకు తోడు దొరికింది.