విజయరాణి ఇంటికొచ్చిన ఉల్క

ఇంటి కప్పు మీద రాయి పడటం అదృష్టం. అందరి ఇళ్ల మీదా పడదు. మీ ఇంటి మీద ఎప్పుడైనా పడిందా? పడలేదు కదా! ఆ ఈర్ష్యతోనైనా ఇది చివరిదాకా చదువుతారని నా నమ్మకం.

సిద్దిపేటలో ఫ్యాను కింద కూర్చుని ఊరికే అనడం లేదు. బెజ్జంకి నుంచి లోపలికి పోతే నల్లరాయి గుట్ట పక్కన ఒక చిన్న ఊరుంది. గ్రానైట్ కోసం పేల్చీ పేల్చీ ఆ గుట్టను సగం చేశారు. గుట్ట వైపు చివరి ఇల్లు విజయరాణిది. భర్త రమేశ్ భివండిలో మగ్గాల మీద పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, రెండో తరగతి చదివే కూతురు సహస్ర.

ఎండాకాలం, ఒంటిపూట బడి. సహస్ర ఇంటికొచ్చి నవారు మంచం మీద పడుకుంది. కాసేపటికి మామిడికాయ ముక్కలు గుర్తొచ్చి లేచి, పొయ్యి దగ్గరున్న తల్లి వైపు వెళ్లింది. అంతలో రేకు పగిలింది. కొబ్బరికాయంత నల్లరాయి మంచాన్ని చీల్చుకుని నేలలో దిగింది. సరిగ్గా పిల్ల తల పెట్టుకునే చోట.

ఆమెకు ఖగోళశాస్త్రం తెలియదు కాబట్టి రాయిని కొంగులో వేసుకుని నేరుగా క్వారీకి పోయింది. మేనేజర్ గజేందర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, గిది మా గుట్టది కాదు. మీదికెల్లి పడ్డది. ఉల్క" అన్నాడు.

గుట్టంతా అదే నలుపు. అయితే ఆయన గుట్టకు వీపు పెట్టి నిలబడి చెప్పాడు కాబట్టి తప్పు పట్టలేం.

"మళ్ల పడ్తదా?" అని అడిగింది విజయరాణి. ఆమెకు కావలసింది ఆ ఒక్క జవాబే. పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలో తేల్చుకోవాలి.

అంత పెద్ద ప్రశ్నకు మేనేజర్ ఎలా జవాబు చెబుతాడు? నిపుణుణ్ణి పిలిపించాడు.

నిపుణుడంటే భూపతి. సిద్దిపేటలో ఒక మొబైల్ షాపు, ఒక యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాడు. పాత స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం తెచ్చి రాయికి ఆనించాడు. అంటుకోలేదు. అంటుకుంటే మామూలు ఉల్క, అంటుకోకపోతే అరుదైన ఉల్క అని కెమెరాకు వివరించాడు. టైల్ ముక్క వెనకవైపు రాయితో గీకాడు. గీత పడలేదు. ఉల్కే! చేత్తో ఎత్తి చూశాడు. బరువుంది. ఉల్కే! బరువు లేని రాయి ఉంటుందా అని అడగకండి. శాస్త్రం పని చేసుకుంటున్నప్పుడు మనం మధ్యలో మాట్లాడకూడదు.

రాయికి ఒక పక్కన స్కేలు పెట్టి తీసినంత తిన్నగా ఒక గాడి ఉంది. బండకు డ్రిల్లు కొట్టి మందు కూరి పేల్చితే అచ్చం అలాంటి గాడే మిగులుతుందని గిట్టనివాళ్లు అన్నారు. గాలి రాపిడికి పడిందని భూపతి తేల్చేశాడు. మరి రాయి నుంచి వచ్చే దీపావళి టపాకాయల వాసన? అంతరిక్షం వాసన అదేనట. మనలో ఎవరు పోయి చూసొచ్చారు గనక!

మీరే ఆలోచించండి. అది గుట్ట రాయే అయితే ఎంతమందికి కష్టం? గజేందర్ పేలుడు మందు తగ్గించాలి. గనుల శాఖ ఆఫీసరు ఎండలో గుట్టెక్కాలి, నోటీసు రాయాలి, రాసినందుకు పైనుంచి వచ్చే ఫోన్లు ఎత్తాలి. అదే ఆకాశం నుంచి పడితే? ఆకాశానికి మేనేజర్ లేడు, లైసెన్సు లేదు, పెద్దమనుషుల చుట్టరికం అసలే లేదు. ఎంత తిట్టినా ఎవరికీ కోపం రాదు.

కనుక ఊరంతా ఉల్కకు ఒప్పుకుంది. క్వారీ ఆఫీసులో రాయికి అద్దాల పెట్టె చేయించారు. 'అంతరిక్షం నుంచి విచ్చేసిన అతిథికి స్వాగతం' అని ఫ్లెక్సీ కట్టారు. అందులో రాయి కన్నా గజేందర్ ఫొటో పెద్దది. విజయరాణికి శాలువా కప్పారు. ఆమె దాన్ని తీసుకుపోయి రేకు చిల్లు మీద పరిచింది.

లక్షల ఏళ్లకు గాని అదే చోట ఇంకోటి పడదని భూపతి వీడియోలో హామీ ఇచ్చాడు. ఆ లక్షల ఏళ్లు అదే వారంలో అయిపోయాయి. రెండో ఉల్క వాకిట్లో నీళ్ల డ్రమ్మును పగలగొట్టింది.

ఈ ఉల్కల పద్ధతి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. వచ్చేముందు సైరన్ మోగిస్తాయి. ఆదివారం సెలవు తీసుకుంటాయి. ఆఫీసరు గుట్ట చూడ్డానికి వచ్చిన రోజైతే ఒక్కటీ రాదు. ఇంత క్రమశిక్షణ మన పిల్లలకుందా, మన బస్సులకుందా?

విజయరాణికి మాత్రం ఇవేవీ పట్టలేదు. సైరన్ వినబడగానే నిద్రపోయే పిల్లను భుజాన వేసుకుని ఊరి ఆ చివరికి పరుగెత్తేది. పిల్ల ఏడ్చేది. ఎర్రటి ఎండలో ఎవరి అరుగు మీదో కూర్చుని తనూ ఏడ్చేది. భయం కన్నా ఆమెకు కోపమే ఎక్కువగా ఉండేది.

చివరికి ఆఫీసరు ఆమె ఇంటికే వచ్చాడు, గజేందర్ కారులో. ముందే రాసి తెచ్చిన పంచనామా చదివి వినిపించాడు. రాళ్లు ఆకాశం నుంచి పడినవి, క్వారీకి సంబంధం లేదు, ఇంటామెకు అభ్యంతరం లేదు. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు.

"మళ్ల పడయి గద సారూ?"

"పడయమ్మా. నాది పూచీ."

"అయితే పెడ్త సారూ. రేపు ఒంటిగంటకు వచ్చి గీ మంచం మీద జరసేపు పండున్రి. మీరు లేచినంక పెడ్త."

ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. "ఒంటిగంటకా? గప్పుడు బ్లాస్టింగ్ ఉంటది గదమ్మా, ఎట్ల పండమంటవ్?"

గజేందర్ గబగబా ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

"నా బిడ్డ పండేది గప్పుడే సారూ" అంది విజయరాణి.