నొప్పి లేని గడ్డ

దాలమ్మ ఎడమ రొమ్ములోని గడ్డ సోమవారం పొద్దున తనంతట తానే దిగి, ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్లి, చీటీల వరసలో నిలబడింది.

వరసలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ రోజు అలా ఒంటరిగా వచ్చిన గడ్డల్లో అది మూడోది. శనగగింజంత ఉంది కనుక ఎవరైనా తొక్కేస్తారేమోనని గోడవారగా నిలుచుంది. చేతిలో దాలమ్మ ఆధార్ కాపీ ఉంది.

నిజానికి దాలమ్మే రావాలి. పలాసలో జీడిపప్పు ఏరే పని ఆమెది. ఇరవై రెండేళ్లుగా అలవాటైన చెయ్యి. రాశిలో పురుగు పప్పు ఎక్కడున్నా కళ్లతో పనిలేకుండా వేళ్లతోనే పట్టేస్తుంది. స్నానం చేస్తుంటే గడ్డ తగిలిన రోజు మాత్రం ఆ వేళ్లు నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చాయి. మళ్లీ అటు పోలేదు. గడ్డ నెల రోజులు చూసింది. ఈవిడ కదిలేలా లేదని తానే బయల్దేరింది.

చీటీలు రాసే సింహాద్రి తల ఎత్తకుండా అడిగాడు.

"నొప్పుందేటి?"

"నేదు బాబూ."

"నొప్పి నేకపోతే ఏటికొచ్చినావు? నొప్పెట్టినాక రా."

"నొప్పెట్టేతలికి ఆలీసమైపోద్ది బాబూ. ఇప్పుడైతే నన్ను తీసేసినా మనిసి మిగుల్తాది."

"సర్లే. ఎక్కడి గడ్డవి?"

గడ్డ చెప్పింది. సింహాద్రి కలం ఆగింది. వరసలో ఉన్న మగవాళ్లు నేల చూపులు చూశారు. ఒకడు మాత్రం చూపు దించలేదు.

"నలుగురిలో అలాటి మాటలేటి? ఈ రిజిస్టరు పెద్దసారు సూస్తారు" అని సింహాద్రి 'నడుంనొప్పి' అని రాశాడు. మాత్రలిచ్చారు. గడ్డ వాటిని తెచ్చి దాలమ్మకిచ్చింది. ఆమె వేసుకుంది. నడుం కాస్త నెమ్మదించింది కూడా.

"నువ్వెల్తే ఈదంతా తెలుస్తాది. అదెల్తంది గదా, ఎల్లనీ" అన్నాడు భర్త గురువులు. దాలమ్మకూ అదే న్యాయంగా తోచింది.

పక్కన కూర్చుని పప్పు ఏరే పారమ్మ ఒక్కతే ఊరుకోలేదు. "ఒలే, సేటు పప్పులో పురుగుంటే ఒక్కటి ఒగ్గవు. నీ ఒంట్లోది ఒగ్గేస్తావేటే?"

"పప్పు ఒగ్గేస్తే సేటు తిడతాడే. దీనికెవులు తిడతారు?" అంది దాలమ్మ.

గడ్డ ప్రతి నెలా మొదటి సోమవారం వెళ్లింది. ప్రతిసారీ నడుంనొప్పే రాశారు. ఉసిరికాయంత అయ్యాక బల్ల మీద చోటిచ్చారు. కొబ్బరికాయంత అయ్యాక వరస లేకుండా లోపలికి పంపారు. అది పెరిగిన కొద్దీ దాలమ్మ తగ్గింది. మొదట జాకెట్టు వదులైంది. తర్వాత చీర పొడవైంది. చివరికి ఆమె చీరలు గడ్డే కట్టుకోవలసి వచ్చింది.

ఏడాది చివర అవగాహన సదస్సు పెట్టారు. క్రమం తప్పకుండా వచ్చినందుకు గడ్డకు శాలువా కప్పారు. బ్యానరు మీద రోగం పేరు రాయలేదు. ఆడవాళ్లు వచ్చే చోట బాగుండదన్నారు.

సదస్సుకు వచ్చిన పెద్దాసుపత్రి డాక్టరమ్మ గడ్డను చూసి కళ్లజోడు తీసింది.

"చిన్నగా ఉన్నప్పుడే రావాలమ్మా."

"సిన్నగా ఉన్నప్పుడే వచ్చినానమ్మా" అంది గడ్డ.

డాక్టరమ్మ రిజిస్టరు తెప్పించింది. సింహాద్రి తెచ్చి తెరిచాడు. పన్నెండు నెలలూ నడుంనొప్పి. దస్తూరి ముత్యాల్లా ఉంది. కొట్టివేత ఒక్కటి లేదు.

ఇప్పుడు పప్పు ఏరడానికి గడ్డే వెళ్తోంది. హాజరు దాలమ్మ పేరునే వేస్తున్నారు. గురువులుకు వేళకు అన్నం అందుతోంది. పారమ్మ మాత్రం కూర్చునే చోటు మార్చుకుంది.

మొన్న స్నానం చేస్తుంటే ఎడమవైపున గడ్డ చేతికి చిన్నదేదో తగిలింది. శనగగింజంత ఉంది. వేలు పెట్టి చూసింది. దాలమ్మ.

నొక్కి చూసింది. నొప్పి లేదు. చీర కట్టుకుని పనికి వెళ్లిపోయింది.