నలభై మీటర్ల తనిఖీ

రేడియోలో గరగర శాపమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అది వరం! ముఖ్యంగా పటాన్‌చెరు, సంగారెడ్డి ఫ్యాక్టరీల నడుమ కాపురముండే మనకు దేవుడు నేరుగా పంపిన వరం!

ఎలాగంటారా? సొంతంగా యాంటెనాలు కట్టుకునే నాబోటి వాళ్ల సంగతి మీకు తెలియదు. మేం రేడియో వింటామనుకుంటున్నారా? ఎంత అమాయకులు! మేం తీగ కడతాం. కట్టిన తీగను జానెడు కత్తిరిస్తాం. ఎక్కువ కత్తిరించామని మళ్లీ అతుకుతాం. స్టేషన్ స్పష్టంగా వినబడిందంటే ఇంకేముంది, ఆదివారం ఇంటిపని చెయ్యాల్సి వస్తుంది!

నేను గుమ్మడిదల దగ్గర బోల్టుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. ఊరి చివర కిరాయి ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాం. డాబా మీద ఆ మూల నుంచి ఈ మూలకు నా రాగితీగ. నా భార్య ధనలక్ష్మి దాన్ని యాంటెనా అనదు, దండెం అంటుంది. తడి చీర ఆరేస్తే ఒక స్టేషన్ పోతుంది, దుప్పటి ఆరేస్తే మొత్తం ప్రపంచమే పోతుంది.

రేడియోలో నలభై మీటర్ల బ్యాండ్ అని ఒకటుంది. నాలాంటి పిచ్చివాళ్లు దేశదేశాల నుంచి అందులో ముచ్చట్లు పెట్టుకుంటారు. వినాలని చెవి పెడితే నాకు వినిపించేది ఒక్కటే: గర్ర్‌ర్! దగ్గర్లో ఏదో పెద్ద మోటారు నడిచినప్పుడల్లా ఇదే వరస.

ఊరుకుంటానా? రొద ఎటునుంచి వస్తుందో పట్టే యాంటెనా కట్టాను. డ్రిప్ పైపును గుండ్రంగా వంచి, మోటారు వైండింగ్ షాపులో దొరికిన రాగితీగ చుట్టాను. ఆ రింగును తిప్పుతుంటే రొద ఒకచోట పెరుగుతుంది, ఒకచోట తగ్గుతుంది. ఆ గుర్తుతో నడుచుకుంటూ పోవడమే.

ఒక ఆదివారం పొద్దున రింగు చేతబట్టి, చిన్న రేడియో మెడలో వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి బయల్దేరాను. "గీ వేషంల నిన్నెవరన్న చూస్తే నాకు పరువుంటదా?" అంది ధనలక్ష్మి. ఉండదని ఒప్పుకునే వెళ్లాను.

గర్ర్‌ర్ నన్ను పొలాల మీదుగా ఒక మందుల ఫ్యాక్టరీ వెనక గోడ దాకా లాక్కెళ్లింది. గోడకు ఆనుకుని, మా ఇంటిదాకా కంపు కొట్టే కాలువ. కాలువ పక్క మడిలో కలుపు తీస్తున్న పుష్పమ్మ అనే రైతు నడుమెత్తి చూసింది.

"ఓ సారూ! వాసన చూసే మిషనా గది?"

జవాబు చెబుదామని హెడ్‌ఫోన్ల వైరు పీకాను. రేడియో ఒక్కసారిగా బొబ్బ పెట్టింది.

"చూడుండ్రే! మిషనే ఓర్సుకోలేక ఒర్రుతున్నది!" అని కేకేసింది ఆమె. పక్క పొలాలవాళ్లు నా చుట్టూ మూగారు.

"అమ్మా, ఇది యాంటెనా..."

"గదే, ఏదో ఒకటి. రాసుకో సారూ. మా బోరు నీళ్లు పసుపచ్చగైనయ్. బర్రె మూతి పెడ్తలేదు. గిదంత రాసుకో."

నేను రాసుకున్నది రొద బలం. అయినా వాళ్ల ముఖాలు వెలిగాయి.

అంతలో సెక్యూరిటీ గార్డు పరిగెత్తుకొచ్చాడు. "సాబ్, ఆప్ కౌన్ సే డిపార్ట్‌మెంట్ సే?"

నేను అబద్ధమాడను. "ఫార్టీ మీటర్" అన్నాను.

అతను వెంటనే ఫోన్ తీశాడు. "సార్, ఫార్టీ మీటర్ వాలే ఆయే హై!"

పది నిమిషాల్లో మేనేజరు వచ్చాడు. నాకొక కుర్చీ, చల్లని మజ్జిగ ప్యాకెట్ కూడా వచ్చాయి. పెళ్లినాడు తప్ప నాకెప్పుడూ అంత మర్యాద జరగలేదు.

"రీడింగ్ ఎంతొచ్చింది సార్?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఎస్ నైన్ ప్లస్ ట్వంటీ" అని రొద బలం చదివాను.

ఆయన ముఖం పాలిపోయింది. "గంతనా! ఇప్పుడు ఏం చెయ్యమంటరు సార్?"

"గోడ వెనక మోటారేదో నడుస్తోంది. దాన్ని ఆపండి, చాలు" అన్నాను. నా బాధ నాది!

మోటారు ఆగింది. నా రేడియోలో ఎక్కడో ద్వీపంలో ఉన్న పెద్దమనిషి తన తోటలో టమాటాలు ఎలా కాశాయో చెప్పడం గంట మోగినట్టు వినబడింది. ఆనందంతో గంతేశాను. నా చుట్టూ ఉన్నవాళ్లూ గంతేశారు. ఎందుకని చూస్తే, గోడ కింద పైపు నుంచి కాలువలోకి పడుతున్న నురగ నీళ్లు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి వాసన కూడా పోయింది.

నాలుగో రోజు మళ్లీ గర్ర్‌ర్ మొదలైంది. నేను రింగు పట్టుకుని గోడ మీది కెమెరాల ముందు ఒక చుట్టు తిరిగాను. ఆగింది. అప్పటినుంచి ఇదే నా ఉద్యోగం. పరువు పోతుందన్న ధనలక్ష్మి కూడా డాబా మీది రేడియో అరిస్తే చాలు, "మోటరు షురూ జేసిండ్రు, జల్దీ పో!" అని రింగు చేతికిస్తోంది. చూశారా, గరగర ఎంత గొప్ప వరమో!

ఎనిమిదేళ్లు ఆ వాసనకు నేను చేసిందేమిటి? కిటికీ మూశాను. అగరొత్తి వెలిగించాను. నా రేడియోకు అడ్డమొచ్చింది కాబట్టి గోడదాకా నడిచాను గానీ, పుష్పమ్మ బోరు కోసం కాదు. ఈ సంగతి లోపల తొలుస్తుంటే, పోయిన ఆదివారం ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అమ్మా, నేను సారును కాను. ఇది మిషనూ కాదు. ఉత్త రేడియో తీగ."

ఆమె కొడవలి కింద పెట్టి నవ్వింది. "మా కోడలు జ్యోతి ఐటీఐ చదివింది సారూ. గది రేడియో అని మొదటి దినమే చెప్పింది."

"మరి నాతో అనలేదేం?"

"అంటె నువ్వు మల్ల వస్తుంటివా? అసలు మిషన్లున్న సార్లు మస్తుమంది వచ్చిండ్రు. సీసలల్ల నీళ్లు వట్టుకపోయిండ్రు. సీసలు గూడ వాపస్ రాలే."

రింగు భుజానికి తగిలించుకుని ఇంటివైపు తిరిగాను.

"గటు కాదు సారూ," అని కేకేసింది పుష్పమ్మ. "జెర గోడ పక్కపొంటి నడువు. కెమెరాల వడాలె."