చూపు ఆగే చోటు

ఎమ్మిగనూరులో ఆ వీధి మగ్గాలు కోడి కంటే ముందే లేస్తాయి. ఆ రోజు సుధ మగ్గాల కంటే కూడా ముందే లేచింది. అత్త తిమ్మమ్మ తొలి బస్సుకు మంత్రాలయం వెళ్ళింది, సాయంత్రం గాని రాదు. చిన్ననాటి స్నేహితురాలు రజిని ఆదోని నుంచి నాలుగు గంటలకు వస్తానంది. ఈలోగా తన కల ఒకటి తీర్చుకోవాలని సుధ ఆరాటం.

కలంటే పెద్దదేం కాదు. గదిలో అడుగుపెట్టగానే చూపు హాయిగా వాలడానికి ఒక్క చోటుండాలని ఫోను వీడియోలో ఒకావిడ చెప్పింది. సుధ ఇంట్లో చూపు వాలదు, పరుగు పెడుతుంది. గుంత మగ్గానికి తగిలి, నూలు మూటలెక్కి, టీవీ మీది గుడ్డ దాటి, మూడేళ్ళ కిందటి క్యాలెండరు దగ్గర అలిసిపోతుంది. పోయిన నెల తన కొత్తింటి గృహప్రవేశంలో నలుగురి ముందూ రజిని నవ్వుతూ అన్న మాట సుధకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "మీ ఇంట్లో సూసేదానికి ఏముందే, మగ్గం తప్ప!" ఇవాళ ఆ నోరు మూతపడాలి.

దానికి కావలసిన వస్తువు సుధ దగ్గరుంది. కాపురానికొచ్చిన ఏడాది తన చేత్తో నేసిన మొదటి ముక్క. నెమలికంఠం రంగు, అంచున తామరలు. అద్దం కట్టించి పెట్టెలో దాచుకుంది. పనుల మధ్య ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే చాలు, ఎదుటి గోడ మీద ఆ నీలం నిండు చెరువులా కదిలేది.

"ఒక్క మేకు కొట్టియ్యి, సాలు," అంది భర్తతో.

దేవేంద్ర మగ్గం గుంతలోంచి తలెత్తాడు. "ఆ గోడకా? దానికి మేకు కొట్టగాకండని అమ్మ మొత్తుకుంటాది కదా!"

"మీ అమ్మ ఉప్పు డబ్బా జరపగాకండని కూడా మొత్తుకుంటాది."

ఆ మాటా నిజమేననిపించి దేవేంద్ర సుత్తి తీశాడు.

మొదటి దెబ్బకు పళ్ళెమంత సున్నం రాలింది. "ఏం గాదులే, పక్కన కొడతా," అన్నాడు. రెండో దెబ్బకు చేటంత రాలింది. బజారుకెళ్ళి సిమెంటు తెచ్చి మెత్తాడు. ఆ తడి బరువుకు మిగిలిన పెళ్ళ కూడా ఊడి కాళ్ళ మీద పడింది. "రాయి తగిలేదాంక తవ్వి మెత్తితే నిలబడ్తాది," అంటూ గడ్డపార ఎత్తాడు. రాయి తగల్లేదు. గడ్డపార సర్రున అవతలికి దూసుకుపోయి ఎవరిదో గిన్నెను ఖంగుమనిపించింది. దాని వెనకే చదరంగా, కొలిచి కోసినట్టు, మట్టి మొత్తం కూలిపోయింది.

పగలు కూడా బల్బు వెలిగే ఆ గదిలోకి అవతలి పెరటి ఎండ వచ్చి పడింది. లేచిన దుమ్ము బంగారు రంగులో మెల్లగా తిరుగుతోంది. మగ్గం మీది దారాలు ఒక్కొక్కటీ వేరువేరుగా మెరుస్తున్నాయి. సుధ చీపురు చేతిలో పట్టుకుని ఊపిరి మరిచి చూసింది. అచ్చం కలలాగే ఉంది. కలలో లేనిదల్లా ఆ వెలుగు మధ్యనున్న గౌరమ్మ ముఖం.

గౌరమ్మ తిమ్మమ్మ తోడికోడలు. ఒకప్పుడు ఆమె అటువైపు కూర్చుని కండెలకు నూలు చుట్టి, ఈ గోడలోని కిటికీ గుండా ఇటు మగ్గానికి అందించేది. ఒకనాడు ఒక ఎర్ర కండె కనబడకుండా పోయింది. "నేనిస్తిని" అని ఆమె, "నాకు రాలేదు" అని ఈమె. మాట పెరిగి కిటికీకి మట్టి మెత్తారు. దేవేంద్ర అప్పటికి ఊయలలో ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా గోడకు అటొకరు, ఇటొకరు, మాటా పలుకూ లేదు. కిటికీ ఒకటుండేదని దేవేంద్ర విన్నాడు గాని, ఎక్కడో ఇప్పుడే తెలిసింది.

"దేవేంద్రా! మా అక్క తెరిపిచ్చమనిందా నాయనా?" గౌరమ్మ కిటికీ దగ్గరికొచ్చి అడిగింది.

దేవేంద్ర నోటినిండా మట్టి. దగ్గు తెరలకు తల రెండుసార్లు కిందికీ మీదికీ ఊగింది. గౌరమ్మకు అది చాలు.

"మంత్రాలయం సామి మా అక్క మనసు కరిగిచ్చినాడే!" అని వీధిలోకి పరుగెత్తింది.

ఇంకేముంది! గంటలో వీధి వీధంతా సుధ ఇంట్లో ఉంది. పక్కింటి సుగుణమ్మ కిటికీకి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఎవరో తోరణం కట్టారు. గౌరమ్మ బొరుగులు నానేసి ఉగ్గాని కలిపి, పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చసాగింది. "అది కాదు చిన్నత్తా..." అని సుధ నోరు తెరిచినప్పుడల్లా గౌరమ్మ ఆ నోట్లో ఓ ఓళిగ ముక్క పెట్టింది. మూడో ఓళిగకు సుధ నిజం చెప్పే ఓపిక పోయింది.

నాలుగింటికి రజిని వచ్చింది. వెనకే ప్రసాదం సంచితో తిమ్మమ్మ. సుధ గబగబా తన అద్దాల పటం ఎత్తి కిటికీకి అడ్డం పెట్టింది. పటం పక్కనుంచి గౌరమ్మ తడి కళ్ళు కనబడుతూనే ఉన్నాయి. ఆ క్షణాన సుధకు రజిని గుర్తే లేదు. తన గోడ సరదాకు తెరిచిన కిటికీని మళ్ళీ మూసేస్తే ఈ ముసలామె ఆశ ఇందరి ముందు ముక్కలవుతుందే అనుకుంది. చేతులు వాటంతటవే పటాన్ని దించేశాయి.

కిటికీలోంచి ఉగ్గాని పళ్ళెం చాచింది గౌరమ్మ. తిమ్మమ్మ కిటికీని చూసింది, తోడికోడలిని చూసింది, పిడికెడు తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పు తక్కువైంది," అంది.

"నువ్వొచ్చి ఎయ్యక్కా," అంది గౌరమ్మ.

తిమ్మమ్మ పైటతో కళ్ళొత్తుకుని కోడలి చెవిలో గుసగుసలాడింది. "సూస్తివా? అదే పగలగొట్టి దిగొచ్చె. నేను తగ్గలేదు." అటుపక్క గౌరమ్మ సుగుణమ్మతో, "మా అక్కే తగ్గిందమ్మా, పాపం," అంటోంది. జరిగింది చెబుదామని దేవేంద్ర నోరు తెరిచాడు. ఈసారి ఓళిగ పెట్టింది సుధ.

పొద్దు వాలుతుంటే కిటికీ వెలుగు మగ్గం మీదుగా జరిగి గోడెక్కింది. రజిని దాని మీంచి చూపు తిప్పలేదు. "సుధా, మా ఇంట్లో కూడా ఇట్లాంటిది పెట్టిచ్చాల. మేస్త్రీ ఎవురే?"

"మీ గోడకు అవతల ఎవురుండారు?"

"ఎవురూ లేరు. ఖాళీ సైటు."

"అయితే కుదర్దులే," అంది సుధ జాలిగా.

నెమలికంఠం ముక్క మళ్ళీ పెట్టెలోకి పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరు అడుగుపెట్టినా చూపు తిన్నగా ఒక్కచోటే ఆగుతుంది, గౌరమ్మ పొయ్యి మీద ఏముందో తెలిసేదాకా.